ప్లాస్టిక్‌కు బదులు ఏం వాడొచ్చు? నల్లగొండ ఇంట్లో వాడి చూసిన రివ్యూ

నమస్తే అందరికీ. ఈరోజు రివ్యూకి టేబుల్ మీద ఏమున్నాయో చూడండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, మోదుగాకు విస్తరాకుల కట్ట, వెదురు బ్రష్, ‘కంపోస్టబుల్’ (అంటే ఎరువుగా మారిపోయేవి) అని రాసున్న కవర్లు, పాత చీరతో కుట్టిన సంచి. అన్నీ నల్లగొండలో మా ఇంట్లో వాడుతున్నవే. ఏ కంపెనీ వాళ్లూ పంపలేదు. ఇంట్లో ముందునుంచీ ఉన్నవే కొత్తగా కొన్నవాటికంటే బాగా పనికొచ్చాయి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

అయితే వస్తువులకంటే ముందు నీళ్ల సంగతి మాట్లాడాలి. ప్లాస్టిక్ మీద వచ్చే వీడియోల్లో చాలావరకు ‘బాటిల్ నీళ్లు మానేయండి, నల్లా నీళ్లు తాగండి’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మన జిల్లాలో ఆ మాట అనడానికి నోరు రాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు తిరిగినవాళ్లను, నడుం వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఇక్కడ నీళ్ల క్యాన్ సోకు కోసం ఇంట్లోకి రాలేదు, భయంతో వచ్చింది. ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి. మీ ఇంటికి వచ్చే నీళ్లను ఒకసారి పరీక్ష చేయించండి. జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబ్ ఉంటుంది. తాగే నీళ్లలో లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారే లేకపోతే 1.5 వరకు సరేనని మన దేశ ప్రమాణం. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. రంజన్లో, అంటే మట్టి కుండలో పోసినా పోదు. పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలితే ఇంట్లో రంజన్, బయటికి స్టీలు బాటిల్ చాలు. బాగాలేవంటే క్యాన్ నీళ్లే తాగండి, టెన్షన్ పడొద్దు. 20 లీటర్ల క్యాన్ మళ్లీ మళ్లీ నింపుతారు కదా. ముందు మానాల్సింది దావత్‌లలో ఒక్కొక్కరి ముందు పెట్టే పావు లీటరు బాటిళ్లు. రెండు గుక్కలు తాగి వదిలేస్తారు, ఫంక్షన్ హాల్ వెనకాల కుప్ప పడతాయి.

ఇక స్టీలు డబ్బా. దీనికి పదికి పది. ఆదివారం చికెన్, మటన్ దీంట్లోనే తెస్తున్నాం. తూకం దగ్గర చాలామందికి మొహమాటం. “అన్నా, ముందు ఖాళీ డబ్బా పెట్టి సున్నా కొట్టు” అనండి, అంతే. ఎలక్ట్రానిక్ కాంటాలకు ఆ బటన్ ఉంటుంది. నల్ల కవర్లోంచి నెత్తురు కారడం ఉండదు, కుక్కలు వెంటపడవు. 120 మైక్రాన్లకంటే పలుచని క్యారీ బ్యాగులపై 2022 చివరి నుంచే నిషేధం ఉంది. అయినా మాంసం కొట్టులో, కర్రీ పాయింట్‌లో ఇప్పటికీ అవే. సలసల కాగే సాంబారు పలుచని కవర్లో పోసి ముడేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు. కర్రీ పాయింట్‌కి రెండు గిన్నెలున్న క్యారియర్ తీసుకెళ్తే వాళ్లకూ కవర్ ఖర్చు మిగులుతుంది, వద్దనరు.

చాయ్ కూడా అంతే. పేపర్ కప్పు కాగితమే కదా అనుకుంటాం. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే కాగితం నానిపోతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చూపించారు: 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అందులో 15 నిమిషాలుంటే దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని. గాజు గ్లాసులో పోయమని అడగండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది, విస్తరాకు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. మార్కెట్లో వాటి బదులు వచ్చిన వెండి రంగు పేపర్ ప్లేట్లకు కూడా ప్లాస్టిక్ పూతే. మోదుగాకు మన గుట్టల్లో కావాల్సినంత ఉంది. ఆకు తెచ్చి, ఆరబెట్టి, సన్న పుల్లలతో కుట్టే ఆడవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఈ కట్ట అలా చేత్తో కుట్టినదే. వాడేముందు నీళ్లు చల్లి కాసేపు ఉంచితే ఆకు విరగదు. పలుచటి చారు పోస్తే కుట్ల సందుల్లోంచి కొంచెం కారుతుంది, నిజం. ముందు అన్నం వేసి, మధ్యలో గుంట చేసి చారు పోస్తే నిలుస్తుంది. తిన్నాక పెంటకుప్పలో వేస్తే మట్టిలో కలుస్తుంది, బర్రె తిన్నా భయం లేదు. మెషిన్ మీద ఒత్తిన విస్తరాకులు కొనేటప్పుడు మాత్రం తిప్పి చూడండి. కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ కాగితం అతికిస్తారు. అవి వద్దు. పదికి తొమ్మిది ఇస్తున్నా, ఆ ఒక్క మార్కు చారు కోసం తగ్గించా.

పెద్ద దావత్ అయితే సిద్దిపేట చేసిన పని బాగుంది. ఊరందరికీ పనికొచ్చేలా స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఒకచోట ఉంచి ‘స్టీల్ బ్యాంక్’ అన్నారు. మన మహిళా సంఘాలు తలచుకుంటే ఇక్కడా అవుతుంది.

కంపోస్టబుల్ కవర్లకు పదికి మూడు. అసలైనదైతే దానిమీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు, దాంతోపాటు ఐఎస్ 17088 అనే ప్రమాణం పేరు ఉండాలి. అది ఉన్నా, పెద్ద కంపోస్ట్ ప్లాంటులో వచ్చే వేడి తగిలితేనే సరిగ్గా కరుగుతుంది. మా పెరట్లో పాతిపెడితే వానాకాలం పోయినా పీలికలు కనిపిస్తూనే ఉన్నాయి. డబ్బు దండగ.

వెదురు బ్రష్ బాగానే ఉంది, కుచ్చు మాత్రం నైలాన్. సంచికి కొత్త బట్ట కొనొద్దు, పత్తికి ఎన్ని నీళ్లు కావాలో మన రైతులకు తెలుసు. పాత చీర కుట్టించండి, బండి డిక్కీలో ఒకటి ఎప్పుడూ ఉండనివ్వండి.

ఇంత చేసినా కొంత మిగులుతుంది. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెగకుండా కత్తిరించి, కడిగి ఆరబెడితే పాత సామాన్లవాళ్లు కొంటారు. చిప్స్ ప్యాకెట్ ఎవరూ కొనరు, అందుకే అది కొనడమే తగ్గించాలి. పొద్దున్నే వాకిలి ఊడ్చి చెత్తతోపాటు కవర్లు కాల్చేవాళ్లకు దండం పెట్టి చెప్తున్నా, దయచేసి ఆపండి. ఆ పొగ ముందు మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పొడి చెత్త డబ్బాలో వేసి మున్సిపాలిటీ ఆటోకి ఇవ్వండి.

చేతితో కుట్టిన విస్తరాకులు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ అంగడిలో దొరుకుతాయో తెలిస్తే కింద రాయండి, కట్ట ఎంతో కూడా చెప్పండి. వచ్చే వీడియోలో ఆ ఊళ్లకే వెళ్లి, కుట్టేవాళ్లతో మాట్లాడి చూపిస్తా.