లిఫ్ట్ ఎత్తకపోతే ముందే పంపు మీద పడకండి

అందరికీ నమస్కారం. స్టేజీ మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న మెకానిక్ అన్నలకి, వెనకాల నిలబడ్డ కుర్రాళ్లకి కూడా. పాత ట్రాక్టర్ల మెయింటెనెన్స్ మీద మాట్లాడమన్నారు, ఇంజను దగ్గర్నుంచి టైర్ల దాకా అన్నీ చెప్పమన్నారు, కానీ నేను ఒక్క లిఫ్ట్ గురించే, అంటే ట్రాక్టరు వెనక తగిలించిన నాగలి లాంటి సామానుని ఆయిల్ ప్రెషర్‌తో ఎత్తి దించేదాని గురించే చెప్తా. పాత బండ్లలో అక్కర్లేకపోయినా ఇప్పేసేది, డబ్బు వృథాగా పోసేది ఎక్కువగా ఈ లిఫ్ట్ దగ్గరే. లిఫ్ట్ ఎత్తట్లేదు అనగానే, ఇంకా బండి ముట్టుకోకుండానే "పంపు పోయింది" అంటారు చూడండి, ఆ మాటంటే నాకు చాలా కోపం. ఇవాళ మైకు దొరికింది కాబట్టి ఆ కోపం ఇక్కడే చెప్పేస్తా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆయిల్ స్ట్రెయినర్, అంటే జల్లెడ గుండా పంపులోకి వస్తుంది, పంపు దాన్ని పైపులోంచి పైనున్న సిలిండర్‌లోకి తోస్తుంది, పిస్టన్ కదుల్తుంది, అది అడ్డ షాఫ్టుని తిప్పుతుంది, లిఫ్ట్ ఆర్మ్‌లు లేస్తాయి. పాత మోడళ్లలో కూడా ప్రెషర్ తక్కువేం కాదు, మోడల్‌ని బట్టి చదరపు అంగుళానికి 1500 నుంచి 3000 పౌండ్ల దాకా ఉంటుంది. రెండున్నర అంగుళాల పిస్టన్ అనుకోండి, దాని ముఖం దగ్గర దగ్గర 4.9 చదరపు అంగుళాలు, 2000 పౌండ్ల ప్రెషర్ దాని మీద పడితే 9800 పౌండ్ల తోపు, అంటే నాలుగు టన్నుల పైమాటే. అంత తోపుని ఆపి ఉంచేది ఒక రబ్బరు ఓరింగు, అంటే ఆయిల్ కారకుండా పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు ఉంగరం. ఇంకో సంగతి, ఎత్తేటప్పుడే పంపుకి పని, దింపేటప్పుడు వెనకున్న సామాను బరువే ఆయిల్‌ని బయటికి నెట్టేస్తుంది. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే సగం ట్రబుల్ షూటింగ్ అయిపోయినట్టే.

పాత ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, 8ఎన్ బండ్లలో పంపు పీటీవో షాఫ్టు మీద, అంటే ఇంజను శక్తిని వెనక తగిలించిన యంత్రాలకి అందించే షాఫ్టు మీద తిరుగుతుంది. పీటీవో లివరు పడకపోతే పంపు తిరగదు, క్లచ్ తొక్కి పట్టుకున్నా తిరగదు. కొత్తగా ఆ బండి కొన్నవాళ్లు లిఫ్ట్ చచ్చిపోయిందని కంగారు పడేది చాలాసార్లు ఇక్కడే. దీని వెనక పెద్ద కథే ఉంది, ఈ లిఫ్ట్ పద్ధతిని తయారుచేసిన హ్యారీ ఫెర్గూసన్, ఫోర్డ్ కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ 1938లో చేతులు కలిపారు, 1939లో 9ఎన్ వచ్చింది, తర్వాత ఫోర్డ్ కంపెనీకీ ఫెర్గూసన్‌కీ చెడింది, కేసు నడిచి నడిచి 1952లో 92.5 లక్షల డాలర్లకి సెటిల్ అయింది, ఆ తర్వాత 1953లో వచ్చిన ఫోర్డ్ ఎన్ఏఏలో పంపు ఇంజను దగ్గరికి మారింది. ఈ చరిత్ర ఎందుకంటే, మీ బండిలో పంపుని ఏది తిప్పుతుందో తెలియకుండా పానా పట్టుకోకూడదు.

సరే, ఆయిల్ దగ్గరికి వద్దాం. చాలా పాత బండ్లలో గేర్లకీ డిఫరెన్షియల్‌కీ లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్. డిప్‌స్టిక్ తీసి లెవెల్ ఒక్కటే చూసి పెట్టేయకండి, రంగు చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, గేర్ లివరు రబ్బరు చిరిగినా అక్కణ్ణుంచి వాన నీళ్లు దిగుతాయి. నురుగు ఉంటే పంపు గాలి పీలుస్తోంది, లెవెల్ తక్కువన్నా అయ్యుండాలి, పీల్చే వైపు గాస్కెట్టన్నా లీకయి ఉండాలి. లిఫ్ట్ కుదుపులతో ఎత్తుతూ పంపు గీ మని అరుస్తుంటే స్ట్రెయినర్ తీసి చూడండి. బురద పేరుకుని ఉంటే ఎంత కొత్త పంపు వేసినా ఏం పీలుస్తుంది? బండి చాన్నాళ్లు షెడ్డులో నిలబడి ఉండి, లిఫ్ట్ ఎత్తకా దిగకా మొండికేస్తే ఆయిల్‌ని సిలిండర్‌లోకి పంపేదీ ఆపేదీ చూసుకునే కంట్రోల్ వాల్వు బిగుసుకుపోయిందేమో చూడండి, పాత మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు లాంటి వాటిలో ఇది మామూలే, సైడు కవరు తీసి వాల్వుని మెల్లగా కదిలిస్తే చాలాసార్లు వదుల్తుంది.

ఇప్పుడు అసలు టెస్టు. కొంచెం బరువున్న సామాను తగిలించి ఎత్తండి, ఇంజను ఆపేయండి, లిఫ్ట్ ఆర్మ్ మీద, పక్కన బాడీ మీద సుద్దముక్కతో ఒకే లైన్లో గీత గీసి చూడండి. ఇంజను ఆపాక కూడా గీత కదలకుండా నిలబడితే సిలిండరు, సీళ్లు బాగున్నట్టే, ఎత్తలేకపోవడానికి కారణం పీల్చే వైపో, పంపో, ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వో. ఎత్తుతుంది కానీ ఆపగానే దిగిపోతుంది అంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది, పిస్టన్ ఓరింగు, నిలువు పైపు ఓరింగులు, కవరు కింద గాస్కెట్టు, రిలీఫ్ వాల్వు, కంట్రోల్ వాల్వు, వీటిలో ఏదో ఒకటి. పంపు లోపలి వాల్వుల్లోంచి కూడా కారొచ్చు, కాదనను, కానీ వరసలో అది చివర్న ఉంటుంది.

దీని మీద ఒక సంగతి చెప్పాలి, టైము అయినా సరే చెప్పాలి. మా మేనమామ బండి. లిఫ్ట్ తల ఊపుతా ఉండేది, అంటే ఎత్తాక కొంచెం దిగడం, మళ్లీ ఎగరడం, మళ్లీ దిగడం. ఒక వర్క్‌షాపులో చూపించాడు. సుద్ద గీత లేదు, ప్రెషర్ కొలిచే గేజు పెట్టింది లేదు, "పంపు పోయింది బాబాయ్" అన్నారు. బండిని మధ్యకి విప్పి రెండు ముక్కలు చేశారు, కొత్త పంపు వేశారు, బిగించారు, స్టార్ట్ చేస్తే మళ్లీ అదే తల ఊపడం! తల ఊపుతోందంటే ఏంటండీ? ఆయిల్ కారి ఆర్మ్ దిగుతోంది, కంట్రోల్ వాల్వు అది గమనించి పంపుని పిలుస్తోంది, పంపు మళ్లీ ఎత్తుతోంది. ఎత్తుతోందంటే పంపు బతికే ఉంది కదా! చేసే పని చేస్తున్నదాన్ని తీసి పారేశారు. తర్వాత పై కవరు విప్పితే పిస్టన్ ఓరింగు ఒక పక్క చదునై, గోరుతో గీస్తే పెంకులా ఊడొచ్చింది. సిలిండరు గోడకి గీతలు కూడా లేవు, ఓరింగు మారిస్తే సరిపోయింది. ఆ పాత పంపు ఏమైందో తెలుసా? ఇంకో బండిలో పెట్టారు, చక్కగా ఎత్తుతోంది. ఆ సీజన్లో మా మామ దున్నకం ఆలస్యమైంది, ఆ నష్టం ఎవరిస్తారు? ముందు వరసలో అన్నలు, మీ మీద నాకు గౌరవమే, కానీ దయచేసి గేజు పెట్టకుండా పంపు మాట ఎత్తకండి.

పంపు నిజంగా అరిగితే దాని తీరు వేరు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా ఎత్తుతుంది, పని చేసి ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాక నీరసిస్తుంది, ఇంజను రేజ్ చేస్తే కాస్త ఎత్తుతుంది. అప్పుడు అనుమానం పంపు మీదే, అయినా గేజు పెట్టి వేడిలో, చల్లలో ప్రెషర్ రెండుసార్లు చూడండి. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు అంటారు, నేనొప్పుకోను, చల్లగా ఉన్నప్పుడు పీల్చడం ఇంకా కష్టమై పంపు ఇంకా అరుగుతుంది. పూర్తిగా పైకెళ్లాక రిలీఫ్ వాల్వు కేకలేస్తుంటే మాత్రం పంపు గోల కాదు, పంపు బాగానే తోస్తోంది, లివరు లింకేజీ సెట్టింగు తప్పింది.

వెనకాల కుర్రాళ్లు, ఇది మీకు. లేచి ఉన్న కల్టివేటర్ కిందకి తల పెట్టొద్దు. బిగుసుకున్న వాల్వు ఎప్పుడు వదుల్తుందో ఎవరికీ తెలీదు, వదిలిన క్షణంలో మొత్తం కిందకొస్తుంది. దించలేకపోతే దిట్టమైన మొద్దులు పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. బయటి పైపుల్లో లీకు వెతకడానికి చెయ్యి ఆడించొద్దు, అట్టముక్క ఆడించండి. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, గంటలు గడిస్తే వేలో చెయ్యో తీసేసే పరిస్థితి రావచ్చు. వెంటనే ఆసుపత్రికెళ్లి "ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి, లేదంటే గాటు చూసి కట్టు కట్టి పంపేయొచ్చు. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి.

పని అయ్యాక ఇంకొక్కటి. ఆయిల్ పోసి వెంటనే నాగలి తగిలించొద్దు. ఖాళీ ఆర్మ్‌లని మెల్లగా ఎత్తి దించుతూ గాలి పోనివ్వండి, పూర్తిగా దించి లెవెల్ మళ్లీ చూడండి, తగ్గి ఉంటుంది, పోయండి. ఆ తర్వాత బరువు పెట్టి సుద్ద గీత టెస్టు మళ్లీ చేయండి. బయట చెట్టు కింద ఒక పాత బండి పెట్టాం, లిఫ్ట్ తల ఊపుతోంది, ఇంకా ఎవరూ ఇప్పలేదు. గేజు, సుద్దముక్క నా దగ్గరున్నాయి. టీ తర్వాత అక్కడికి రండి, ముందు ఇంజను ఆపి గీత చూద్దాం.