ముందు పిస్టన్, తర్వాతే క్యామ్: తక్కువ ఖర్చులో షెవీ 350 రీబిల్డ్

అందరికీ నమస్కారం. బెంచ్ మీద ఉన్నది షెవర్లే 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్, 1978 పికప్‌లోంచి దింపాం. ఇక్కడ డాలస్‌లో పాత బండి కొనుక్కున్న మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఏ క్యామ్ వేయమంటావ్?" అని. క్యామ్ అంటే వాల్వులను తెరిచే కడ్డీ. నేనేమో ముందు పిస్టన్ సంగతి తేల్చుకో తమ్ముడూ అంటాను.

దీని అసలు బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 4 అంగుళాలు. సిలిండర్లు అరిగిపోయాయి కాబట్టి మెషిన్ షాపులో 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోర్ కొట్టించాం. బోర్ కొట్టించడమంటే అదీ, నా వీడియో కాదు! ఇప్పుడిది 355 క్యూబిక్ అంగుళాలు. ఆ కాస్త పెరిగినందుకు పవర్ వచ్చేస్తుందని ఆశపడకండి, గోడలు సాపయ్యాయి, అంతే.

ఇప్పుడు ఈ రెండు పిస్టన్లు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. రెండింటి మీదా 030 అనే ఉంది. రెండూ ఫ్లాట్ టాపే, వాల్వుల కోసం గంట్లు కూడా ఒకటే. కానీ పిన్ను మధ్య నుంచి పైభాగం దాకా కొలిస్తే దీనికి 1.56 అంగుళాలు, దీనికి 1.54. తేడా 20 థౌ, ప్రింటర్ కాగితాలు అయిదు కలిపినంత మందం. బ్లాక్ పైభాగం కోయించినవాళ్ల కోసం కావాలనే పొట్టిగా చేస్తారు. చవక కిట్లలో తరచూ వచ్చేది ఈ పొట్టిదే. మనం బ్లాక్ పైభాగం కోయించలేదు, కాబట్టి పొట్టిది వేస్తే పిస్టన్ పైకొచ్చాక కూడా 45 థౌ కిందే ఆగిపోతుంది.

లెక్క చూద్దాం. హెడ్ ఛాంబర్ (మిశ్రమం మండే గది) 76 సీసీ, గాస్కెట్ మందం 39 థౌ. పొడుగు పిస్టన్‌తో కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్నది) 8.7 దాకా వస్తుంది, పొట్టిదానితో 8.4. అదే 12 సీసీ గుంట ఉన్న పొట్టి పిస్టన్ అయితే 8 కూడా రాదు. అందుకే ఆర్డర్ చేసేముందు పార్ట్ షీట్‌లో ఆ ఎత్తు చూడండి. ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి చేసిన) పిస్టన్లు ఈ బండికి దండగ. వాటికి సిలిండర్ గోడతో క్లియరెన్స్ (ఖాళీ) ఎక్కువ పెట్టాలి, పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో టకటకమంటాయి. హైపర్‌యూటెక్టిక్ (సిలికాన్ ఎక్కువున్న పోత) పిస్టన్లు చాలు.

ఇక క్యామ్. పిస్టన్ పైకి లేవడం మొదలుపెట్టినా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకాసేపు తెరుచుకునే ఉంటుంది. డ్యురేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, డిగ్రీల్లో కొలుస్తారు) పెరిగేకొద్దీ సాధారణంగా అది ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో, లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత తిరిగి మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. కంప్రెషన్ అసలే 8.7 ఉన్నచోట ఇంకా ఏం మిగులుతుంది?

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. నా మొదటి ఇంజన్‌కి గుడగుడ శబ్దం బాగుందని, 50 థౌ లేచిన దగ్గర కొలిస్తే 230 డిగ్రీల డ్యురేషన్ ఉన్న క్యామ్ వేశాను. శబ్దం అదిరింది. సిగ్నల్ దగ్గర మాత్రం పక్కనున్న మినీవ్యాన్ ముందుకెళ్లిపోయింది. ఐడిల్‌లో బ్రేక్ బూస్టర్‌కి కావలసిన వ్యాక్యూమ్ లేక బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోయేది, పార్కింగ్‌లో దూరాలంటే టెన్షనే.

అందుకే దీనికి ఇన్‌టేక్ 204, ఎగ్జాస్ట్ 214 డిగ్రీల క్యామ్ వేస్తున్నాం, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) 0.420, 0.443 అంగుళాల దగ్గర. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కంపెనీ ఇచ్చిన టార్క్ కన్వర్టర్ ఉంచుకోవచ్చు. స్ప్రింగులు మాత్రం కొత్తవి వేయండి, పాతవి అలసిపోయి ఉంటాయి.

ఇది ఫ్లాట్ టాపెట్ క్యామ్, అంటే వాల్వులను కదిలించే లిఫ్టర్లు రోలర్ లేకుండా నేరుగా క్యామ్ లోబ్‌ల (ఉబ్బుల) మీద రాసుకుంటాయి. కొత్త క్యామ్ మీద పాత లిఫ్టర్లు పెట్టి డబ్బు మిగిల్చానని మురిసిపోకండి, లోబ్ అరిగి ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది. అసెంబ్లీ పేస్ట్ పూసి, జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి. స్టార్ట్ అవగానే 2000 ఆర్‌పీఎమ్ పైకి తీసుకెళ్లి, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ 20 నిమిషాలు ఉంచాలి. ఈలోగా ఐడిల్‌కి దించకండి. లీకేజీ ఏదైనా కనిపిస్తే ఇంజన్ ఆపేసి, సరిచేసి, మిగిలిన నిమిషాలు పూర్తిచేయండి. టైమింగ్, రేడియేటర్ నీళ్లు, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ అన్నీ సరిచూసుకున్నాకే తాళం తిప్పండి.