సుబ్బారావుగారి పేపర్లు లెక్కపెడితే ఏం తేలుతుంది?

యాంకర్: నమస్కారం. వైద్య పరిశోధకుడి గొప్పతనాన్ని అతని పరిశోధన పేపర్లు, వాటిని ఇతరులు ఉదహరించిన లెక్క, అంటే సైటేషన్లు, చెప్పగలవా అన్నది ఇవాళ్టి చర్చ. భీమవరంలో పుట్టి, అమెరికాలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారినే ఉదాహరణగా తీసుకుందాం. లైబ్రేరియన్‌గారూ, ఆయన పేపర్లలో ఎక్కువమంది ఉదహరించింది ఏటీపీ, అంటే కణాలకి శక్తినిచ్చే పదార్థం గురించినదేనా?

లైబ్రేరియన్: అందరూ అలాగే అనుకుంటారండీ. కాదు. 1925లో హార్వర్డ్ సహచరుడు ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వేసిన పేపర్. ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి. దానికి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి.

యాంకర్: కొలత పద్ధతికి అంత గిరాకీనా?

ప్రొఫెసర్: ల్యాబ్‌లో పని నడవాలంటే అదే కావాలి కదా. రక్తంలోని ఫాస్ఫేట్‌కి మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. అయితే ఇప్పుడు ఏటీపీ అని రాసేవాళ్లెవరూ కింద 1929 పేపర్ పేరు వెయ్యరు. ఇంటర్ పుస్తకంలోకి ఎక్కిన విషయానికి సైటేషన్ ఎవరిస్తారు?

లైబ్రేరియన్: ప్రొటీన్‌ని కొలిచే పద్ధతి మీద 1951లో లోరీ బృందం రాసిన పేపర్‌కి సైటేషన్లు 3 లక్షలు దాటాయి. అంతకన్నా గొప్ప ఆవిష్కరణలు ఎన్నో ఉన్నాయి, వాటికి అందులో పదో వంతు కూడా రాలేదు.

పీజీ డాక్టర్: అందుకే కదా మేడం హెచ్-ఇండెక్స్ వచ్చింది?

లైబ్రేరియన్: 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. పది పేపర్లకి, ఒక్కోదానికీ కనీసం పదేసి సైటేషన్లుంటే హెచ్ పది. అందులో ఒకదానికి ఇరవై వేలు వచ్చినా పది పదిగానే ఉంటుందమ్మా.

ప్రొఫెసర్: నా బాధ వేరు. కొన్ని పనులు అసలు ఆయన జాబితాలోనే లేవు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. 1948లో వచ్చిన ఆ పేపర్ క్యాన్సర్ కీమోథెరపీకే మొదటి మెట్టు లాంటిది. అందులో ఐదుగురు రచయితలు. సుబ్బారావు పేరు లేదు. లెడర్లీలోనే దొరికిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పేపర్ అక్కడి డగ్గర్ పేరు మీద వచ్చింది. మన దగ్గర ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర, డీఈసీ, అదీ ఆయన బృందానిదే. అది మింగినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

యాంకర్: ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీ పేపర్‌లో పేరుంది కదా?

ప్రొఫెసర్: ఉంది, పెద్ద జట్టు మధ్యలో. పేర్లు చాలావరకు అక్షర క్రమంలో వేశారు, కాబట్టి ఆంజియర్ ముందు. జట్టుని నడిపినాయన ఎక్కడో మధ్యలో. ఇప్పటి మన మెడికల్ కాలేజీల పదోన్నతి నిబంధన ప్రకారం మొదటి పేర్లలోనో, పేపర్ తరఫున జవాబుదారీగా ఉండే కరస్పాండింగ్ ఆథర్‌గానో లేకపోతే ఆ పేపర్ లెక్కలోకే రాదు!

పీజీ డాక్టర్: సర్, ఒక మాట. ఆ లెక్క కూడా లేకపోతే పదోన్నతులు దేన్నిబట్టి ఇస్తారు? పరిచయాలనిబట్టా? సిఫారసు లేని నాలాంటివాళ్లకి ఆ అంకెలే దిక్కు.

ప్రొఫెసర్: ...కాదనలేను.

లైబ్రేరియన్: ఆ అమ్మాయి చెప్పిందాంట్లో న్యాయముంది. సుబ్బారావుగారి కాలంలో సైటేషన్ల లెక్కే లేదు, ఏ పేపర్‌ని ఎవరు ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది 1964లో. ఆయనకి అన్యాయం చేసింది అంకెలు కాదు, పక్కనున్న మనుషులు. ఫిస్కే అసూయ వల్ల ఆయన పని కొంత వెలుగు చూడలేదని తర్వాత నోబెల్ అందుకున్న హిచింగ్స్ చెప్పాడు. అచ్చవని పేపర్‌కి ఏ ఇండెక్స్ మాత్రం మార్కులేస్తుంది?

యాంకర్: డాక్టర్‌గారూ, మీ థీసిస్ దేనిమీద?

పీజీ డాక్టర్: కిడ్నీ రోగుల్లో ఫాస్ఫేట్ స్థాయుల మీదండీ.

ప్రొఫెసర్: ఏ పద్ధతిలో చేశావు?

పీజీ డాక్టర్: మా ల్యాబ్ కిట్ ఫిస్కే-సుబ్బారో పద్ధతిదే సర్.

లైబ్రేరియన్: మరి రిఫరెన్సుల్లో 1925 పేపర్ వేశావా?

పీజీ డాక్టర్: (నవ్వుతూ) లేదు మేడం... కిట్‌తో వచ్చిన కాగితం పేరు వేశాను.