బేస్ గిటారు అమరిక, తీగెల ఎంపిక: శ్రోతల సందేహాలకు సమాధానాలు (ఫోన్-ఇన్ కార్యక్రమ పాఠం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. చర్చిలో ఆరాధన గీతమైనా, పెళ్ళి పందిట్లో ఆర్కెస్ట్రా అయినా, జానపద పాటల రికార్డింగ్ అయినా పాటను అడుగున ఉండి మోసే వాయిద్యం బేస్ గిటారు. దానిని ఎలా అమర్చుకోవాలి, ఏ తీగెలు వేసుకోవాలి అన్న మీ సందేహాలకు సమాధానం చెప్పడానికి, హన్మకొండలో చాలా ఏళ్ళుగా బేస్ వాయిస్తూ, గిటార్లు బాగుచేస్తున్న కళాకారులు మన స్టూడియోకు వచ్చారు. గురువుగారూ, నమస్కారం.

నిపుణుడు: నమస్కారమండీ. ఫోన్లు మొదలయ్యే ముందు ఒక్క మాట చెబుతాను. నా దగ్గరికి బేస్ తెచ్చేవారిలో చాలామంది, "సార్, దీని సౌండ్ బాగా లేదు, మంచి కంపెనీది కొనమంటారా?" అనే అడుగుతారు. దాని మీద ఉన్న తీగెలు ఎప్పటివని అడిగితే, కొన్నప్పుడు వచ్చినవేనని చెబుతారు. ముందు తీగెలు మార్చి, ఒక గంట కూర్చుని అమర్చుకుని, అప్పటికీ చెవికి నచ్చకపోతే కొత్తదాని సంగతి ఆలోచించవచ్చని నేను వారితో అంటాను. అలా వెళ్ళినవారిలో కొత్తది కొన్నవారు తక్కువ.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ పరకాల నుండి. చెప్పండి.

శ్రోత (పరకాల): నమస్తే సార్. నేను వాడిన బేస్ ఒకటి కొన్నాను, నాలుగు తీగెలది. ఎండలు ముదిరినప్పటి నుండి లావు తీగెను నొక్కితే గరగరమంటోంది. తీగెల కింది చివర ఆనే బ్రిడ్జి దగ్గర ఆ తీగెను పైకి లేపాను. కొంత తగ్గింది కానీ, ఇప్పుడు తీగె నొక్కాలంటే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

నిపుణుడు: గరగర ఏ ఫ్రెట్ల దగ్గర, అంటే వేళ్ళు నొక్కే చోట అడ్డంగా ఉండే ఏ లోహపు మెట్ల దగ్గర, వస్తోంది తమ్ముడూ?

శ్రోత (పరకాల): మొదటి దాని నుండి ఐదో ఫ్రెట్ దాకా సార్. పన్నెండు దాటితే ఏమీ లేదు.

నిపుణుడు: గిటారును ఎక్కడ పెడుతున్నారు?

శ్రోత (పరకాల): కూలర్ ఉన్న గదిలోనే సార్, గోడకు ఆనించి.

నిపుణుడు: మీ జవాబులోనే సగం సంగతి దొరికింది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. పగలంతా వడగాలి, రాత్రంతా కూలర్ నుండి తడిగాలి తగిలితే ఏ నెక్ అయినా, అంటే ఫ్రెట్లు ఉండే పొడవాటి చెక్క మెడ అయినా, కదలక తప్పదు. నాలుగు తీగెలు కలిసి ఒక పెద్ద మనిషి బరువంత బలంతో నెక్‌ను ముందుకు లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురుగా లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ బిగించి ఉంటుంది. ఈ రెండింటి మధ్య తూకం తప్పి నెక్ మరీ నిటారుగా అయిపోతే, నట్ వైపు, అంటే నెక్ పై చివర తీగెలు కూర్చునే గాళ్ళ పట్టీ వైపు, ఉన్న మొదటి నాలుగైదు ఫ్రెట్లలో గరగర వస్తుంది. పన్నెండు దాటిన తరువాత మాత్రమే గరగర వస్తే తీగెలు మరీ కిందికి ఉన్నాయని అనుమానించాలి. మీరు నెక్‌లో ఉన్న తప్పుకు బ్రిడ్జిని శిక్షించారు.

వ్యాఖ్యాత: నెక్ నిటారుగా ఉందో వంగి ఉందో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

నిపుణుడు: మోటార్ సైకిల్ మెకానిక్కులు టాపెట్ సెట్ చేయడానికి వాడే ఫీలర్ గేజ్ ఒకటి ఉంటుంది కదా, సన్నని ఉక్కు రేకుల కట్ట, అది స్పేర్ పార్టుల దుకాణంలో దొరుకుతుంది. గిటారును వాయించేటప్పుడు ఉండే భంగిమలోనే పట్టుకుని, శ్రుతి సరిచేసి, లావు తీగెను మొదటి ఫ్రెట్ దగ్గర కేపో అనే క్లిప్పుతో బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కండి. ఇప్పుడు ఆ తీగె ఒక కొలబద్ద లాంటిది. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగెకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల రేకు తీగెను లేపకుండా దూరాలి. అసలు సందే లేకపోతే నెక్ నిటారుగా ఉన్నట్టు, అర మిల్లీమీటరు దాటితే ఎక్కువగా వంగినట్టు. ట్రస్ రాడ్ చివర ఉండే బిగింపు నట్‌ను (తీగెలు కూర్చునే నట్ కాదు) ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే బిగిసి నెక్ నిటారవుతుంది, వెనక్కి తిప్పితే వదులై వంపు పెరుగుతుంది. సందు లేదని కొలిచి రూఢి చేసుకున్నాక, మీరు వెనక్కి తిప్పాలి. ఒకసారికి పావు చుట్టుకు మించవద్దు; తిప్పిన తరువాత మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ కొలవండి. సరిగ్గా సరిపోయే ఎలెన్ కీ మాత్రమే వాడండి. చిన్న కీతో తిప్పి ఆ రాడ్ నట్ రంధ్రం అరిగిపోయిన నెక్కులను నేను చాలా చూశాను, వాటిని బాగుచేయడానికి అయ్యే ఖర్చు మీ గిటారు ధరను మించిపోవచ్చు.

నెక్ కుదిరాక మీరు లేపిన తీగెను మళ్ళీ దించండి. పదిహేడో ఫ్రెట్ దగ్గర లావు తీగె కింద సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగె కింద 2 మిల్లీమీటర్లు ఉంటే అది చాలామందికి నప్పే ఎత్తు. దీనినే యాక్షన్ అంటారు. యాక్షన్ ఎంత తక్కువైతే అంత గొప్ప అనే నమ్మకం ఒకటి మన దగ్గర బలంగా ఉంది. నాకు అది నచ్చదు. తంబురాలో తీగె కింద నూలుపోగు పెట్టి మనమే ఆ జుమ్మనే నాదాన్ని రాబట్టుకుంటాం. బేస్‌లో మాత్రం తీగెకు ఊగడానికి చోటు లేకపోతే స్వరం పుట్టకముందే ఫ్రెట్‌కు తగిలి చచ్చిపోతుంది. గట్టిగా మీటే చేతికి కొంచెం ఎత్తు ఉండాల్సిందే.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత కాజీపేట నుండి.

శ్రోత (కాజీపేట): ప్రైజ్ ది లార్డ్ సార్. నేను మా చర్చి గాయక బృందంలో బేస్ వాయిస్తాను. మూడేళ్ళుగా అవే తీగెలు ఉన్నాయి. సౌండ్ దుప్పటి కప్పినట్టుగా వస్తోంది. ఏ తీగెలు వేసుకోవాలో చెప్పండి. దుకాణంలో అడిగితే నాలుగైదు రకాల పేర్లు చెప్పి తికమక పెట్టారు.

నిపుణుడు: తికమక పడవలసిన పని లేదు బ్రదర్. ప్రతి బేస్ తీగె మధ్యలో ఒక ఉక్కు తీగె ఉంటుంది, దాని మీద మరొక తీగెను చుడతారు. ఆ చుట్టిన తీగె గుండ్రంగా ఉంటే రౌండ్‌వూండ్, రేకులా చదునుగా ఉంటే ఫ్లాట్‌వూండ్. గుండ్రని చుట్ల మధ్య సందులు ఉంటాయి కాబట్టి వేలికి గరుకుగా తగులుతుంది, శబ్దంలో మెరుపు ఉంటుంది. ఆ సందుల్లోనే చెమట, మట్టి, చర్మపు పొట్టు చేరి మీ తీగెల గొంతు మూసుకుపోయింది. చదును తీగె నున్నగా ఉంటుంది, మెరుపు తక్కువ, లోతు ఎక్కువ. ఏళ్ళు గడిచినా దాని స్వభావం పెద్దగా మారదు.

1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు వాడుకలో ఉన్నవి చదును తీగెలే. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ లావైన చదును తీగెలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. అటుపక్క ఇంగ్లండులో 'ది హూ' బృందపు జాన్ ఎంట్‌విసిల్‌కు పియానో లాగా ఖంగుమనే శబ్దం కావాలి. ఆయన రోటోసౌండ్ కంపెనీతో కలిసి 1960ల మధ్యలో గుండ్రని చుట్టు తీగెలకు రూపం ఇప్పించాడు. ఈ ఇద్దరి పాటలూ ఒకదాని తరువాత ఒకటి వినండి, దుకాణంవారు చెప్పలేనిది మీ చెవి చెబుతుంది.

శ్రోత (కాజీపేట): మా చర్చిలో కీబోర్డు, డ్రమ్స్, తబలా ఉంటాయి సార్. హాలు పెద్దది, ప్రతిధ్వని ఎక్కువ.

నిపుణుడు: ప్రతిధ్వని ఉన్న హాలులో మెరుపు తీగెలు వేస్తే ఒక స్వరం మీద మరొకటి పడి ముద్దవుతుంది. మీకు చదును తీగెలు నప్పుతాయి. అవి ఖరీదు ఎక్కువ, ఇక్కడ దొరక్కపోతే హైదరాబాదు నుండి తెప్పించుకోవాలి, కానీ మీలాగా మూడేళ్ళకు ఒకసారి మార్చేవారికి చివరకు అవే చవక. గుండ్రనివే కావాలనుకుంటే నికెల్ పూత ఉన్నవి తీసుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలువి ఇంకా పదునుగా మోగుతాయి, చెమటకు తట్టుకుంటాయి, కానీ ఫ్రెట్లను త్వరగా అరగదీస్తాయి. లావు విషయానికి వస్తే, 45 నుండి 105 వరకు ఉన్న సెట్టు అందరికీ పనికివస్తుంది. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. ఇప్పుడున్న వాటికంటే లావైనవి వేస్తే నెక్ మీద లాగుడు పెరుగుతుంది, కాబట్టి ఇందాక పరకాల తమ్ముడికి చెప్పిన కొలతలన్నీ మీరూ మళ్ళీ చూసుకోవాలి. తీగెను కత్తిరించే ముందు, కత్తిరించబోయే చోటికి కొంచెం ఇవతల లంబంగా వంచండి. లేకపోతే చుట్టు జారి, కొత్త తీగె మొదటిరోజే మూగబోతుంది.

శ్రోత (కాజీపేట): పాత తీగెలను నీళ్ళలో మరిగిస్తే కొత్తవాటిలా అవుతాయని అంటారు. నిజమేనా సార్?

నిపుణుడు: గుండ్రని తీగెలైతే మట్టి వదిలి కొన్నాళ్ళు మోగుతాయి, తరువాత మళ్ళీ అంతే. కార్యక్రమం రేపు ఉందంటే చేయండి. తడి పూర్తిగా ఆరనివ్వకపోతే తుప్పు పడుతుంది. ఆ గిన్నెను వంటింట్లోకి మాత్రం తిరిగి ఇవ్వకండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుండి ఒక శ్రోత లైన్లో ఉన్నారు.

శ్రోత (కరీంనగర్): నమస్తే అన్నా. నాకు ఇంట్లోనే చిన్న స్టూడియో ఉంది, జానపద పాటలు రికార్డు చేస్తాను. పెద్ద స్పీకర్లలో బేస్ బాగుంటుంది, ఫోన్‌లో వింటే అసలు ఉన్నట్టే తెలియదు. డప్పు ఒక్కటే వినిపిస్తుంది.

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగారు. బేస్ లావు తీగె సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని ఫోన్‌లోని చిన్న స్పీకరు పలికించలేదు. అయితే ఆ తీగెలోనే 82, 123, 164 దగ్గర పైస్వరాలు కూడా పుడతాయి. వాటిని విన్నప్పుడు మన చెవి లేని అడుగు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. కాబట్టి మీ శ్రోతలు ఫోన్లలో వింటారంటే మీకు పైస్వరాలు కావాలి. కాజీపేటవారికి చెప్పినదానికి మీకు చెప్పేది పూర్తిగా వ్యతిరేకం: గుండ్రని నికెల్ తీగెలు, అవీ కొంచెం కొత్తవి. రికార్డింగ్‌కు రెండు మూడు రోజుల ముందు వేసి వాయిస్తే మొదటి చురుకు తగ్గి, మెరుపు మిగులుతుంది. వేళ్ళతో మీటే చోటును బ్రిడ్జి వైపుకు రెండు మూడు అంగుళాలు జరపండి. పైస్వరాలు అక్కడ స్పష్టంగా వస్తాయి. ఈక్వలైజర్ ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది.

తీగెల కింద ఉండి వాటి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ ఎత్తు కూడా చూడండి. తీగెను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచి, పికప్‌కూ తీగెకూ మధ్య లావు తీగె వైపు 2.8, సన్న తీగె వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. శబ్దం పెద్దగా రావాలని పికప్‌ను మరీ దగ్గరికి లేపితే దానిలోని అయస్కాంతం తీగెను లాగి, స్వరం వణుకుతుంది, ఎక్కువసేపు నిలవదు. నాలుగు తీగెలూ సమానమైన గొంతుతో పలికేదాకా స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పండి. ఆ పనికి కొలబద్ద కంటే చెవే నమ్మకమైనది.

వ్యాఖ్యాత: హన్మకొండ నుండి ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు మాట్లాడుతున్నారు.

శ్రోత (హన్మకొండ): సార్, ట్యూనర్‌తో ఖాళీ తీగెలన్నీ సరిగ్గానే శ్రుతి చేస్తున్నాను. పైకి వెళ్ళేకొద్దీ అపస్వరం వస్తోంది.

నిపుణుడు: వీణకైతే మైనంలో మెట్లు కూర్చేటప్పుడే ప్రతి మెట్టునూ చెవితో విని నిలబెడతారు. గిటారు ఫ్రెట్లు కదలవు కాబట్టి, బ్రిడ్జి మీద తీగె ఆనే సాడిల్ అనే చిన్న ముక్కను జరిపి తీగె పొడవును సర్దుకోవాలి. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనీఆనకుండా తాకించి పలికించిన హార్మోనిక్ స్వరాన్నీ, అదే ఫ్రెట్‌ను నొక్కి పలికించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే సాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపిస్తే నెక్ వైపుకు జరపాలి. జరిపిన ప్రతిసారీ ఖాళీ తీగెను మళ్ళీ శ్రుతి చేయండి. ఇది నెక్, ఎత్తు సరిచేసిన తరువాతే చేయాలి. ముందు చేస్తే అదంతా మళ్ళీ చేయాల్సి వస్తుంది. పాత తీగెల మీద అసలు చేయవద్దు, అరిగిన తీగె ఎన్నటికీ శ్రుతిలో నిలవదు.

శ్రోత (హన్మకొండ): మా తమ్ముడు కూడా నేర్చుకుంటానంటున్నాడు సార్. వాడికి పన్నెండేళ్ళు, చెయ్యి అందడం లేదు.

నిపుణుడు: మామూలు బేస్‌లో నట్ నుండి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు ఉంటుంది. 30 అంగుళాల చిన్నవి ఉన్నాయి, అది చూడండి. దానికి తీగెలు కూడా ఆ పొడవుకు చేసినవే కొనాలి.

వ్యాఖ్యాత: గురువుగారూ, పరకాల శ్రోత మళ్ళీ ఫోన్ చేశారు.

శ్రోత (పరకాల): సార్, మా పక్కింటి మెకానిక్ అన్న దగ్గర ఫీలర్ గేజ్ తెచ్చి చూశాను. అసలు సందు లేదు. పావు చుట్టు వెనక్కి తిప్పాను. రెండు, మూడు, నాలుగు ఫ్రెట్లు శుభ్రంగా పలుకుతున్నాయి. కానీ లావు తీగెను ఏమీ నొక్కకుండా మీటితే ఇంకా గరగరమంటోంది.

నిపుణుడు: నొక్కితే లేనిది, ఖాళీగా మీటితే ఉందా? రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య తీగెను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక మందమైనా సందు కనిపిస్తోందా?

శ్రోత (పరకాల): లేదు సార్, ఫ్రెట్‌ను తాకుతోంది.

నిపుణుడు: అయితే నట్‌లో ఆ తీగె కూర్చునే గాడి అరిగిపోయింది. ఇంతకు ముందు వాడినవారు ఎవరో లావు తీగెలు వేసి ఉంటారు. కొత్త నట్ వేయడం మంచిది, కానీ ఈలోగా ఒక ఉపాయం ఉంది. తీగెను పక్కకు తప్పించి, చుట్టుపక్కల చెక్కకు టేపు అంటించి, గాడిలో చిటికెడు వంటసోడా నింపి దాని మీద ఒక్క చుక్క ఫెవిక్విక్ వేయండి. క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు సన్నని గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, వెంట్రుక మందం సందు మిగిలేటట్టు కొత్త గాడి చేసుకోండి. గాడి, తీగెలు బిగించే మరలుండే గిటారు తలభాగం వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. ఎక్కువ అరిగితే మళ్ళీ సోడా వేసి మొదటి నుండి చేయాలి, కనుక తొందరపడకండి. ఆ పని చేస్తున్నంతసేపు కూలర్ ఆపి ఉంచండి, లేకపోతే సోడా అంతా మీ కళ్ళలోకే వస్తుంది.