చింతచెట్టు దాకా వచ్చిన నీళ్లు: 1908 మూసీ వరద

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28, సోమవారం నాడు మూసీ ఊరి మీద పడ్డప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. చెట్టు సంగతి చాలామంది వినే ఉంటారు. ఆ చెట్టు దాకా అన్ని నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది మాత్రం అంతగా చెప్పుకోరు. వాన పడింది, వరద వచ్చింది అని ఊరుకుంటారు. వాన ఒక్కటే అయితే అంత పని జరిగేది కాదు.

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. దానికి తోడు ఈసీ అని ఇంకో ఏరు. రెండూ లంగర్‌హౌజ్ దగ్గర, ఇప్పుడు బాపూఘాట్ అంటున్న చోట కలుస్తాయి. నగరానికి పైన ఈ రెండు ఏరుల పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో అప్పటికి 788 చెరువులున్నాయి. అంటే చదరపు మైలుకు ఇంచుమించు ఒక చెరువు. ఇవి విడివిడి చెరువులు కావు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కిందిదానికి. తక్కువ వాన పడే నేలకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. చుక్క నీరు వృథా పోదు.

అయితే ఈ గొలుసుకు ఒక లోపముంది. అది సెప్టెంబర్ ఆఖరులో బయటపడుతుంది. జూన్ నుంచి వానలు పడి నేల తడిసి ఉంటుంది, కొత్త నీటిని పీల్చుకోదు. చెరువులు అప్పటికే అంచుల దాకా ఉంటాయి. ఆ స్థితిలో శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. 48 గంటలు కలుపుకుంటే 18.9 అంగుళాలు. ఏడాది మొత్తానికి 30 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా పడే ప్రాంతంలో రెండు రోజుల్లో సగానికి పైగా పడిందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. 862 చదరపు మైళ్ల మీద ఒక్క అంగుళం వాన సమంగా పడితే ఆ నీరు 200 కోట్ల ఘనపుటడుగులు. ఈనాటి లెక్కలో రెండు టీఎంసీలు. ఒక్క అంగుళానికే అంత. అన్ని చోట్లా శంషాబాద్ అంత కురవకపోయినా ఎంత నీరు దిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చెరువు కట్ట దగ్గరికి వెళ్దాం. మట్టికట్ట నీటి బరువుకు తెగడం తక్కువ. అది తెగేది ఎక్కువగా రెండు రకాలుగా. మొదటిది, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. మత్తడి పొడవు మామూలు వానలకు సరిపోయేలా కట్టి ఉంటుంది. వచ్చే నీరు అంతకు మించితే మట్టం పెరిగి, కట్టలో ఎక్కడ కాస్త కుంగిందో అక్కడ పల్చగా దాటుతుంది. రాతి కట్టడం ఉండేది లోపలివైపు. బయటివైపు ఉత్త మట్టి. పారే నీరు ఆ వాలును కిందనుంచి కోసుకుంటూ పైకి వస్తుంది, కట్ట పైభాగం సన్నబడి కూలిపోతుంది. రెండోది, తూము పక్కన మట్టి సరిగా దిమ్మిస వేయకపోవడం, ఎలుక బొక్కలు, ఎండిన చెట్ల వేర్లు. అక్కడ మొదట చెమ్మ, తర్వాత ధార. ఆ ధార తేటగా ఉన్నంతవరకు ఫరవాలేదు. మట్టిరంగుకు తిరిగిందంటే కట్ట లోపల కరిగిపోతోందని అర్థం. గండి పడ్డాక దాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు. చెరువులో ఉన్నదంతా ఒక్క తోపుగా కిందికి వచ్చేస్తుంది.

కింది చెరువు అప్పటికే నిండుగా ఉంది కదా. దాని మత్తడి పై నుంచి నెమ్మదిగా వచ్చే నీటికి కట్టింది, తెగి వచ్చే చెరువుకు కట్టింది కాదు. అదీ తెగుతుంది. ఇప్పుడు రెండు చెరువుల నీరు మూడోదాని మీద పడుతుంది. ఆ వానలో 788 చెరువుల్లో 221 తెగాయి. ఇందులో మోసం ఏమిటంటే, కట్టలు నిలిచి ఉన్నంతసేపూ నదిలో వరద అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. తెగడం మొదలయ్యాక గంటల్లో మారిపోతుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు ఇల్లు వదిలి పోవాలా వద్దా అని తేల్చుకునే వ్యవధి ఉండదు.

నగరం దగ్గర ఆ రోజు ఉద్ధృతి సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తర్వాత అంచనా కట్టారు. అంటే సెకనుకు కోటీ ఇరవై లక్షల లీటర్లు. అంత నీరు వంతెనల దగ్గరికి వచ్చింది. కొట్టుకొచ్చే చెట్లు, ఇళ్ల దూలాలు కమానులకు అడ్డం పడితే వంతెన కాస్తా ఆనకట్ట అవుతుంది. నీరు వెనక్కి ఎగదన్ని రెండు ఒడ్ల మీదికీ ఎక్కుతుంది, చివరికి వంతెననే తోసుకుపోతుంది. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ పోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో 11 అడుగుల నీరు నిలిచింది. బంకమట్టితో కట్టిన గోడకు నీరు పునాది దగ్గర నానితే చాలు, పైన ఎంత గట్టిగా ఉన్నా కూర్చుండిపోతుంది. దాదాపు 19,000 ఇళ్లు కూలాయంటారు. చనిపోయినవారు 15,000 మంది అన్నది ఎక్కువగా చెప్పే అంకె. కచ్చితంగా లెక్కపెట్టినది కాదు గనుక దాన్ని అంచనాగానే తీసుకోవాలి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. పాతబస్తీలో ఆ ఉపద్రవాన్ని ‘తుగ్యానీ సితంబర్’, అంటే సెప్టెంబర్ వరద, అని చెప్పుకునేవారు.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు కబురు పంపింది. ఆయన బొంబాయి సర్కారు కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతున్నారు. 1909 ఏప్రిల్‌లో వచ్చి పని చేపట్టి, అక్టోబర్ 1న నివేదిక ఇచ్చారు. ఐదున్నర నెలలు! వానలెక్కలు, చెరువుల లెక్కలు తీసి, నీరు ఎంత వచ్చిందో ముందు తేల్చారు. ఆ తర్వాతే ఏం కట్టాలన్నది. ఈ వరుస ముఖ్యం.

నది గట్లు ఎత్తు పెంచితే సరిపోదా అనిపించవచ్చు. 4,25,000 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) పట్టే కాలువ కావాలంటే సగం ఊరు తీసెయ్యాలి. అందుకని ఆయన నీటిని ఊరికి పైనే ఆపమన్నారు. మూసీ మీద నగరానికి ఎనిమిదిన్నర మైళ్ల ఎగువన ఒక జలాశయం, ఈసీ మీద ఆరున్నర మైళ్ల ఎగువన ఒకటి. వరదను పట్టుకుని, నది భరించగలిగినంతే కిందికి వదలాలి. మొదటిది ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అంటాం, 1920లో పూర్తయింది. రెండోది హిమాయత్‌సాగర్, 1927లో. అప్పటికి గద్దె మీద ఏడో నిజాం.

ఈ జలాశయాలే ఊరికి తాగునీరూ ఇచ్చాయి. గండిపేట నీళ్ల రుచి గురించి పాతవాళ్లు ఎంత చెప్పినా తక్కువే. చిక్కూ అక్కడే ఉంది. తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరద ఆపాలంటే ఖాళీగా ఉండాలి. గండిపేటలో పట్టేది 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో దాదాపు మూడు. రెండూ పూర్తిగా ఖాళీగా ఉన్నాయనుకున్నా, 1908 నాటి ఉద్ధృతికి నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. వరద ఉధృతంగా ఉండేది కొద్ది గంటలే కాబట్టి ఆ నాలుగున్నర గంటలే ఊరిని కాపాడగలవు. సెప్టెంబర్ ఆఖరుకు రెండూ నిండి ఉంటే ఆ గంటలు ఉండవు. అప్పుడు వాన నీరు ఇంకా ఎగువన ఉండగానే గేట్లెత్తి, కొంత జాగా ముందే ఖాళీ చేసి పెట్టుకోవాలి. ఏ రోజు ఎత్తాలి, ఎన్ని అడుగులు ఎత్తాలి అన్నదే అక్కడి ఇంజినీరుకు ఏటా వచ్చే ప్రశ్న.

సెలవు.