క్రీమీ హెర్బ్ డ్రెస్సింగ్: నీళ్లు తీసేయండి, చిక్కదనం దానంతట అదే వస్తుంది

[దగ్గరి షాట్: పళ్లెంలో రెండు లెట్యూస్ ఆకులు. ఒక్కోదాని మీద ఒక్కో స్పూను పచ్చటి డ్రెస్సింగ్. ఎడమ ఆకు మీద అలాగే నిలిచింది. కుడి ఆకు మీంచి జారి పళ్లెంలోకి కారిపోయింది.]

ఈ రెండు ఆకుల మీదా వేసింది ఒకే గిన్నెలోని డ్రెస్సింగ్. ఎడమ వైపు ఆకును కడిగి, తడి లేకుండా తుడిచాను. కుడి వైపుది కడిగి ఒకసారి దులిపానంతే. తేడా చూశారుగా?

నమస్తే. ఇవాళ పెరుగుతో, పచ్చటి ఆకులతో క్రీమీ సలాడ్ డ్రెస్సింగ్ చేద్దాం. తేలిగ్గా ఉండాలి, అలాగని పల్చగా ఉండకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు అన్నీ మిక్సీలో వేసి తిప్పేశాను. మజ్జిగలా వచ్చింది. చిక్కబడుతుందేమోనని ఇంకాస్త పెరుగు వేసి మళ్లీ తిప్పాను. ఇంకా పల్చబడింది. నేను ఏదో తక్కువ వేశాననుకుంటూ వచ్చాను గానీ, నిజానికి ఎక్కువైంది నీళ్లు. అందుకే ఈ వీడియోలో మనం చేసే పనుల్లో సగం నీళ్లు తీసేసే పనులే.

[షాట్: ఒక గిన్నెలో మయోనైజ్, ఇంకో గిన్నెలో పెరుగు]

క్రీమీ డ్రెస్సింగ్ అనగానే చాలామంది మయోనైజ్‌తో మొదలుపెడతారు. అది చిక్కగా ఉండేది నూనె వల్ల. గుడ్డు పచ్చసొన సాయంతో నూనె కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడిపోతుంది. ఆ బొట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదలడానికి చోటు లేక నిలబడిపోతాయి. అమెరికా ఆహార నిబంధనల ప్రకారం మయోనైజ్ అని పేరు పెట్టాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. 1923లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్యాలెస్ హోటల్‌లో పుట్టిన గ్రీన్ గాడెస్ అనే పచ్చటి డ్రెస్సింగ్‌కు కూడా మయోనైజే ఆధారం. రుచిలో దానికి వంక పెట్టలేం. కాకపోతే టేబుల్ స్పూను మయోనైజ్‌లో 90 నుంచి 100 కేలరీలు ఉంటాయి. ఇవాళ మనం చేసేది 20 దగ్గర ఆగుతుంది.

పెరుగులో చిక్కదనం వేరే దారిలో వస్తుంది. పాలలో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పాలు తోడుకునేటప్పుడు అది వలలా అల్లుకుని, ఆ సందుల్లో నీళ్లను పట్టి ఉంచుతుంది. మిక్సీ బ్లేడు ఆ వలను తెంపేస్తుంది. ఇక నీళ్లను ఆపేది ఏముంటుంది? అదే బట్టలో వడకడితే వల చాలావరకు అలాగే ఉండి నీళ్లు మాత్రం దిగిపోతాయి.

[షాట్: జల్లెడ మీద పల్చటి బట్ట, అందులో పెరుగు, కింద గిన్నె]

ఒకటిన్నర కప్పు గట్టి పెరుగు తీసుకోండి. పుల్లగా లేని, వెన్న తీయని పాల పెరుగైతే మంచిది. జల్లెడ మీద పల్చటి బట్ట పరిచి, అందులో పెరుగు వేసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచండి. చేత్తో పిండకండి. పిండితే పెరుగే బట్టలోంచి వచ్చేస్తుంది. చివరికి కప్పు దాకా మిగులుతుంది, పెరుగును బట్టి కాస్త అటూ ఇటూ. స్పూనుతో గీత గీస్తే ఆ గీత పూడకుండా ఉండాలి. అదే గుర్తు.

[దగ్గరి షాట్: తడి కొత్తిమీర కట్టను బట్టలో చుట్టి మెల్లగా అద్దుతున్న చేతులు]

పెరుగు వడిసేలోపు ఆకుల సంగతి చూద్దాం. అన్నీ తరిగాక అర కప్పు రావాలి. నేను సగం కొత్తిమీర వేస్తాను. పార్స్లీ దొరికితే అదైనా సరే. మిగతా సగంలో డిల్, ఉల్లికాడల పచ్చటి భాగం, ఆరేడు పుదీనా ఆకులు. పుదీనా అంతకు మించితే మిగతావేవీ నాలుక్కి తెలియవు.

కడిగిన ఆకులను శుభ్రమైన బట్ట మీద పరిచి, చుట్టి, అద్ది, పది నిమిషాలు గాలికి వదిలేయండి. తొందరపడి తడిగా తరిగితే ఆ నీళ్లన్నీ మళ్లీ పెరుగులోకే వస్తాయి. అప్పుడు మూడు గంటలు వడకట్టింది వృథా.

[దగ్గరి షాట్: రెండు కటింగ్ బోర్డులు. ఒకదాని మీద పొడిగా తరిగిన ఆకు, రెండోదాని మీద నలిగి నల్లబడిన ఆకు, కింద పచ్చటి మరక]

ఈ రెండో బోర్డు మీద పచ్చటి మరక చూడండి. మొద్దుబారిన చాకుతో ఆకు తెగదు, నలుగుతుంది. మీ డ్రెస్సింగ్‌లోకి రావాల్సిన వాసనే ఆ మరకగా బోర్డుకు అంటుకుంది. నలిగిన చోట గాలి తగిలి ఆకు నల్లబడుతుంది కూడా. చాకుకు పదును పెట్టి, ఆకులను గుప్పిట్లో దగ్గరగా పట్టుకుని ఒక్కసారే సన్నగా కోయండి. కోసినదాన్నే మళ్లీ మళ్లీ కొట్టకండి.

పచ్చి ఆకులు లేకపోతే ఎండువి వాడొచ్చు. మూడు స్పూన్ల పచ్చి ఆకుకు ఒక స్పూను ఎండుది లెక్క. కలిపాక కనీసం అరగంట నాననివ్వాలి, లేకపోతే నోట్లో గడ్డిపరకల్లా తగులుతాయి.

[షాట్: చిన్న గిన్నెలో నిమ్మరసం, పైన తురుముతున్న వెల్లుల్లి]

టేబుల్ స్పూను నిమ్మరసంలోకి నేరుగా ఒక చిన్న వెల్లుల్లి రెబ్బను తురమండి. వెల్లుల్లికి ఘాటు వచ్చేది దాన్ని కోసినప్పుడే. కణాలు చిట్లగానే ఒక ఎంజైమ్ పని మొదలుపెడుతుంది, దానికి పులుపు పడదు. పులుపులో తురిమితే ఘాటు అదుపులో ఉంటుంది. పెరుగులో పచ్చి వెల్లుల్లి వాసన నచ్చక డ్రెస్సింగ్ జోలికి పోనివాళ్లు ఈ ఒక్క మార్పు చేసి చూడండి.

అందులోనే అర టీస్పూను ఉప్పు, పావు టీస్పూను మిరియాల పొడి, అర టీస్పూను మస్టర్డ్ పేస్ట్, ఒక టేబుల్ స్పూను ఆలివ్ నూనె వేసి ఫోర్కుతో గిలకొట్టండి. తేలిగ్గా ఉండాలన్నారుగా, మరి నూనె ఎందుకని అడగొచ్చు. క్యారెట్‌లో, ముదురు ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్ లాంటివి ఒంటికి బాగా పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. నూనె పూర్తిగా మానేయమని మాత్రం నేను చెప్పను.

[షాట్: గిన్నెలో పెరుగు, మీద ఆకులు, గరిటెతో కిందినుంచి పైకి కలపడం]

ఇప్పుడు ఈ మిశ్రమాన్ని వడకట్టిన పెరుగులో పోసి, ఆకులు వేసి, గరిటెతో కిందినుంచి పైకి మెల్లగా కలపండి. విస్క్ వద్దు, మిక్సీ అసలే వద్దు. మరీ గట్టిగా అనిపిస్తే టీస్పూను పాలు కలపండి, ఒక్కో స్పూనే.

ఉప్పు సరిపోయిందో లేదో స్పూనుతో కాకుండా ఒక ఆకును ముంచి చూడండి. స్పూనుతో చూస్తే ఉప్పు, పులుపు కాస్త ఎక్కువే అనిపిస్తాయి, అదే ఆకుతో కలిసేసరికి సరిపోతాయి. మూత పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఆకుల వాసన పెరుగంతా పడుతుంది.

[షాట్: గిన్నెలో పొడి ఆకులు, పైన డ్రెస్సింగ్]

సలాడ్‌లో కలపడం మాత్రం తినే ముందే. ఉప్పు తగలగానే ఆకులు, కీరా ముక్కలు నీళ్లు వదలడం మొదలుపెడతాయి. కీరా ముక్కలకు ముందే చిటికెడు ఉప్పు పట్టించి, పావుగంట తర్వాత అద్దేస్తే ఆ బెడద కూడా ఉండదు.

మిగిలింది గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లోనే ఉంచండి, మూడు రోజుల్లో వాడేయండి. పచ్చి వెల్లుల్లి ఉంది కాబట్టి బయట వదిలేయొద్దు. రెండో రోజు పైన కాసిన్ని నీళ్లు తేలితే పాడైందని పారేయకండి. సీసా కాస్త వంచి ఆ నీళ్లు ఒంపేసి, స్పూనుతో ఒకసారి కలుపుకోండి.