సభలకు అందరూ రావాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. వికలాంగులు ఇబ్బంది పడకుండా సభలు, వేడుకలు జరుపుకోవడం గురించి మీ సందేహాలకు మేడమ్ జవాబు చెబుతారు. తెనాలి నుంచి ఒక శ్రోత ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా పదో తరగతి వాళ్లం వచ్చే నెల కలుస్తున్నాం. ఫంక్షన్ హాలు చూశాం, వంటవాళ్లకు బయానా ఇచ్చేశాం. మా లెక్కల మాస్టారికి సన్మానం, ఆయనకు ఎనభై దాటాయి. మాలో ఒకతను ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీలో ఉంటున్నాడు. బడిలో నాటకాలన్నీ అతనివే, ఏకపాత్రలు కూడా...

నిపుణురాలు: హాలుకు మెట్లెన్ని?

శ్రోత: నాలుగండీ. ర్యాంపు లేదు. మేం నలుగురం కుర్చీతో సహా ఎత్తుకుపోతాం.

నిపుణురాలు: వద్దు. ఒక్కరి పట్టు జారినా అతను పడతాడు. పడకపోయినా, అంతమంది ముందు మోయించుకోవడం అతనికి ఇష్టమేనా? అడిగారా?

శ్రోత: లేదండీ. ఏమీ అనుకోడు. హాలు యజమాని చెక్క పలక వేయిస్తానన్నారు, ఆరడుగులది.

నిపుణురాలు: అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలి. మెట్టు ఆరంగుళాలనుకున్నా మీకు 24 అడుగుల ర్యాంపు అవసరం. ఆరడుగుల పలక మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. టేపు తీసుకెళ్లి మీరే కొలవండి. ‘అన్నీ ఉన్నాయండీ’ అని ఫోనులో చెబితే నమ్మకండి. మరుగుదొడ్డి చూశారా?

శ్రోత: శుభ్రంగానే ఉందండీ.

నిపుణురాలు: శుభ్రత సరే, కుర్చీ పడుతుందా? తలుపు 90 సెంటీమీటర్లు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే కుర్చీ వెళ్లాక తలుపు పడదు. వేడుక ఉందంటే ఉదయం నుంచి మంచినీళ్లు ముట్టని వాళ్లున్నారయ్యా, ఈ భయంతోనే.

శ్రోత: అయ్యో. కానీ మేడమ్, నలుగురం జాగ్రత్తగా పట్టుకుంటే...

నిపుణురాలు: మళ్లీ అక్కడికే వచ్చారు! హాలు మార్చండి. లేదంటే మీ బడి ఆవరణలోనే షామియానా వేయండి. వేదిక వద్దు, సన్మానం నేల మీదే చేయండి, మాస్టారికీ మెట్లు తప్పుతాయి. ముందు ఆ స్నేహితుడికి ఈ రోజే ఫోను చేయండి. ఏం కావాలో అతనే చెబుతాడు.

శ్రోత: చేస్తానండీ. నాటకం కూడా వేయించమంటారా?

నిపుణురాలు: తప్పకుండా అడగండి!

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. వరంగల్ నుంచి.

శ్రోత: అమ్మా, మా గ్రంథాలయ సభకు వినికిడి లేని పిల్లలు వస్తున్నారు. మైకు శబ్దం పెంచితే చాలా?

నిపుణురాలు: చాలదమ్మా. సైగల భాష తెలిసినవారిని పిలవండి. గంట దాటే సభకు ఇద్దరు కావాలి, వంతులవారీగా చేస్తారు, చేతులు అలిసిపోతాయి. తెర మీద బొమ్మలు చూపిస్తూ దీపాలన్నీ ఆర్పకండి, సైగలు కనబడవు. పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఉపన్యాసం ప్రతి ముందే వారికి ఇవ్వండి.

వ్యాఖ్యాత: కర్నూలు శ్రోత, క్లుప్తంగా.

శ్రోత: ప్రైవేటు హాళ్లకు చట్టం వర్తిస్తుందా?

నిపుణురాలు: వర్తిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వాడే ప్రైవేటు భవనమూ ప్రజా భవనమే. ప్రమాణాలను సలహాల్లా వదిలేయకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. హాలు వాళ్లను రాతపూర్వకంగా అడగండి, టేపుతో కొలిచి...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మేడమ్. ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.